పచ్చ చుక్కలు, పసుపు చుక్కలు

కొండగట్టు అంజన్న గుట్ట కింద, కొడిమ్యాల దిక్కున ఒక ఊరు ఉండేది. పెద్ద హనుమాన్ జయంతికి దీక్షాపరులు మాల విరమించి ఇళ్లకు మళ్లగానే ఆ ఊళ్లో దుక్కులు మొదలయ్యేవి. నీళ్లున్న చోట వరి, లేని చోట పత్తి. ఒకప్పుడు మక్కలు బాగా వేసేవారు. కంకి పాలు పోసుకునే సమయానికి గుట్ట మీది కోతులు మందలు మందలుగా దిగి చేలు ఖాళీ చేస్తుంటే వేసారి, చాలామంది పత్తికి మళ్లారు.

ఆ ఊరి రైతులు 60 మంది ఒక సంఘం పెట్టుకున్నారు. రసాయన మందులు కొట్టకుండా, బీటీ విత్తనం వేయకుండా పత్తి పండించాలని మాట అనుకున్నారు. దూరదేశపు బట్టల కంపెనీ ఒకటి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. మార్కెట్ ధర మీద క్వింటాలుకు ఇంత అని బోనస్ ఇస్తామంది. పెట్టిన షరతు ఒక్కటే. తమ దేశంలో చొక్కా కొన్న మనిషి దాని మీది గుర్తును ఫోన్‌తో చూస్తే, ఆ పత్తి ఏ ఊళ్లో ఏ చేలో పండిందో కనబడాలి. అందుకు కంపెనీవాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చారు.

దాన్ని నడిపే పని ఆ ఊరి పిల్లకే దక్కింది. గుట్ట పక్కనే ఉన్న నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో ఇంజినీరింగ్ చదివిన పిల్ల. ఫోన్ పట్టుకుని ప్రతి చేను గట్టు వెంట ఒక చుట్టు నడిచేది. ఆమె అడుగులు పడిన దారే తెరమీద చేను హద్దయ్యేది. చేనుకొక నంబరు. విత్తనం ఎక్కడిది, ఎరువు ఏది, ఏమి పిచికారీ చేశారు, పత్తి ఎవరు ఏరారు, ఏరినవాళ్లలో బడి ఈడు పిల్లలున్నారా అని ఫోన్ అడిగేది, ఆమె జవాబులు నొక్కేది. కాంటా దగ్గర బోరేలు తూచగానే చేను నంబరుతో చీటీ వచ్చేది. జిన్నింగు మిల్లులో ఏ కుప్పలో పోశారో, ఆ కుప్ప ఏ బేలుగా బిగిసిందో అన్నీ ఎక్కేవి. రెండెకరాల చేను నుంచి 30 క్వింటాళ్లు వచ్చాయని రాయబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకునేది కాదు. బయటి పత్తి తెచ్చి కలపకుండా అది కాపలా.

జవాబులన్నీ సరిగా ఉన్న చేనుకు పటం మీద పచ్చ చుక్క పడేది. ఒక్క జవాబు తప్పినా ఎర్ర చుక్క. ఎర్ర చుక్క పడితే ఆ రైతు పత్తి అంతా ఆ ఏడు బయటికే, ఆ పైన రెండేళ్లు సంఘంలో అమ్మడానికి లేదు. ఎర్ర చుక్కలు కనబడితే ఊరందరి బోనస్‌లో కోత. ఈ నియమాలు రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాశారు. రాసేముందు ఊరిని మాత్రం అడగలేదు.

ఆ ఊళ్లో పోచమ్మ గుడి పక్కన ఒక అవ్వ ఉండేది. కొడుకు మస్కట్‌లో కూలి. అవ్వకు రెండెకరాల చెలక. మృగశిరలో తొలి వాన పడగానే సంఘం ఇచ్చిన గింజ పెట్టింది. తరవాత పద్దెనిమిది రోజులు మొగులు మొఖం చూపలేదు. రోడ్డు వైపు పది గుంటల్లో మొలకలు మాడిపోయాయి. మళ్లీ వాన పడ్డాక గింజ కోసం సంఘానికి పోతే డబ్బాలు ఖాళీ. బీటీ కాని గింజ జగిత్యాల దుకాణాల్లోనూ దొరకలేదు. అదను దాటిపోతుంటే, పక్క చేను ఆయన దగ్గర మిగిలిన బీటీ ప్యాకెట్ అడిగి తెచ్చి, ఆ పది గుంటల్లో పెట్టింది.

పిల్ల వచ్చి గట్టు మీద నిలబడి అడిగింది: “అవ్వా, విత్తనమంత సంఘందేనా?”

“కాదు బిడ్డా. గా రోడ్డు పక్కన సాళ్లు ఎండిపోయినయి. గింజ దొరకక పక్క చేనోళ్ల ప్యాకెట్ తెచ్చి పెట్టిన. కావాలంటె చూపిస్త రా.”

పిల్ల వేలు తెర మీద ఆగింది. “అవ్వా, గిది రాస్తె ఎర్ర చుక్క పడ్తది.”

“ఉన్నదున్నట్టు రాయి. దాస్తె నాకు అన్నం సయిస్తదా?”

పిల్ల రాసింది. ఎర్ర చుక్క పడింది. రోడ్డు పక్క పది గుంటలకే కాదు, మొత్తం రెండెకరాలకూ పడింది. కార్తీకంలో అవ్వ పత్తి ఏరించి బోరేలు కట్టి సంఘం కాంటా దగ్గరకు తెస్తే, నంబరు కొట్టగానే తెర ఎర్రబడింది. కాంటా ఎక్కనివ్వలేదు. చివరకు ఇంటి ముందుకు వచ్చిన దలాలు అడిగిన ధరకు అమ్ముకుంది. కైకిలి పైసలు, దున్నకం పైసలు పోను ఆమెకు మిగిలింది లేదు. ఆమె వల్ల సంఘం బోనస్ తగ్గిందని నీళ్ల ట్యాంకు దగ్గర ఆడవాళ్లు మొఖం తిప్పుకున్నారు. “నోరు మూసుకుంటె ఏం పోయె?” అని ఒకాయన మొఖం మీదే అన్నాడు.

ఆ ఏడు ఊరంతా ఒక పాఠం నేర్చుకుంది. కంపెనీ నేర్పాలనుకున్న పాఠం మాత్రం అది కాదు.

రెండో ఏడు కూడా తొలి వాన తరవాత మొగులు మొఖం చాటేసింది. చాలా చేలలో సాళ్లు సాళ్లే మాడిపోయాయి. సంఘంలో గింజ మళ్లీ చాల్లేదు. నిరుడు గింజ తక్కువ పడ్డదని అవ్వ చెప్పిన మాట ఎర్ర చుక్క కిందే ఆగిపోయింది. అది చదివి, ఈ ఏడు నాలుగు డబ్బాలు ఎక్కువ తెప్పిద్దామని అనుకున్నవాడు లేడు.

పిల్ల గట్ల మీద నడుస్తుంటే రేగు కంపలకు చిక్కుకున్న బీటీ ప్యాకెట్ల ముక్కలు గాలికి ఆడుతున్నాయి. “విత్తనమంత సంఘందేనా, మామా?” అని అడిగితే, “సంఘందే బిడ్డా, రాస్కో” అనేవాళ్లు. ప్రతి చేను దగ్గరా అదే జవాబు. పిల్లకు తెలుసు. ఎర్ర చుక్క పెడితే ఆ ఇంట్లో ఏమవుతుందో అంతకంటే బాగా తెలుసు. ఆమె వేలు ఎక్కడా ఆగలేదు.

ఆ ఏడు పటం మీద అన్నీ పచ్చ చుక్కలే. అవ్వను పక్కన పెడితే 59 చేలకు 59. కంపెనీవాళ్లు ఆ పటాన్ని తమ వార్షిక నివేదికలో అచ్చేసుకున్నారు, సంఘానికి మిఠాయి డబ్బాలు పంపారు. బేళ్లు 140 పైచిలుకు తయారై లారీలెక్కాయి.

మాఘమాసంలో కబురు వచ్చింది. రేవు దాటాక మూడు బేళ్ల దూదిని ప్రయోగశాలలో పరీక్ష చేస్తే మూడింటిలోనూ బీటీ జన్యువు దొరికింది.

కంపెనీవాళ్లు సాఫ్ట్‌వేర్ తెరిచారు. ఇలాంటి రోజు కోసమే కదా దాన్ని తయారు చేసింది. బేలు నంబరు కొట్టగానే ఏ రోజు బిగించారో, ఏ కుప్ప నుంచి తీశారో, ఆ కుప్పలో ఎవరెవరి పత్తి ఉందో క్షణంలో వచ్చింది. క్వింటాలు పత్తికి వచ్చే దూది 33, 35 కిలోలే. 170 కిలోల బేలు ఒకటి నిండాలంటే ఐదు క్వింటాళ్లు పోయాలి. సన్నకారు రైతుల ఊళ్లో విడతకు రెండు మూడు క్వింటాళ్లే దిగుతాయి గనుక ప్రతి బేలులో ముగ్గురు నలుగురి పత్తి ఉంది. ఆ పేర్లన్నీ తెర మీద కనబడ్డాయి. అన్నింటి పక్కనా పచ్చ చుక్క ఉంది. ఎవరి చేలో తప్పుందో, ఎవరి చేను శుభ్రమో చెప్పే దారి లేదు. మూడు బేళ్లే కాదు, మొత్తం 140 బేళ్లూ వద్దని తిప్పి పంపారు. నిజంగానే సంఘం గింజ తప్ప మరొకటి ముట్టని రైతులు ఊళ్లో సగానికి మీదే ఉన్నారు. వాళ్ల పత్తీ ఆ లారీల్లోనే వెనక్కి వచ్చింది.

హైదరాబాదు నుంచి కంపెనీ ఆఫీసరు వచ్చాడు. సంఘం గోదాము ముందు వేపచెట్టు కింద అందరూ కూర్చున్నారు. ఆఫీసరు కోపంగా లేడు, కలతగా ఉన్నాడు. “ఇక మీదట ప్రతి చేనుకూ ఫోటోలు తీయిస్తాం. విత్తనం పెట్టేరోజు వీడియో కావాలి. వేలిముద్ర కావాలి. ప్రశ్నలు పెంచుతాం” అన్నాడు.

సంఘం పెద్ద తల వంచుకున్నాడు. జిన్నింగు సేటు, తన మిల్లులో కలిసిపోలేదని ప్రమాణం చేశాడు. వెనక వరసలో కూర్చున్న అవ్వ లేచింది.

“సారూ, ఒక్క మాట అడుగుత. నిరుడు మీ పటంల నేనొక్కదాన్నే ఎర్రగున్న. ఈయేడు అందరు పచ్చగున్నరు. నిరుడు మీకు తప్పు యాడున్నదో గుంటలతో సహ ఎర్కయింది. ఈయేడు 140 బేళ్లు ముందటేసుకుని గూడ ఎర్కైతలేదు. ఏ ఏడు మీ మిషను మంచిగ పనిజేసినట్టు?”

ఎవరూ మాట్లాడలేదు. అవ్వే మళ్లీ అంది: “మీరు ఇంక పది సవాళ్లు ఎక్కువ అడిగితె పది అబద్ధాలు ఎక్కువైతయి. నేను నిజం చెప్పిన నాడు నా పత్తి కాంటా ఎక్కలే. అది సూశినంక నిజం చెప్పెటందుకు ఎవలికి ధైర్యమొస్తది?”

ఆఫీసరు చాలాసేపటికి అడిగాడు: “ఏం చేస్తే చెప్తారమ్మా?”

ఆ మధ్యాహ్నం కొత్త నియమాలు ఆ వేపచెట్టు కిందే పుట్టాయి. రైతులు చెప్తుంటే పిల్ల రాసింది. ఎర్ర, పచ్చ చుక్కల మధ్య పసుపు చుక్క ఒకటి పెట్టారు. పత్తి ఏరకముందే రైతు వచ్చి, “ఇన్ని గుంటల్లో ఇది జరిగింది” అని చెబితే అంతమేరకే పసుపు. ఆ గుంటల పత్తిని వేరే బోరేల్లో నింపాలి, జిన్నింగు మిల్లులో చివరిరోజు వేరుగా ఆడించాలి, మామూలు మార్కెట్ ధరకు సంఘమే కొనాలి. మిగిలిన చేను పచ్చగానే ఉంటుంది. చెప్పినవాడికి పోయేది ఆ గుంటల బోనస్ ఒక్కటే. దాచి, తరవాత పట్టుబడితే మాత్రం ఎర్ర చుక్కే. ఊరందరి బోనస్ కోత రద్దు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: జూన్ నెలలో మొలకలు మాడాయని కబురు అందగానే సంఘం నుంచి మనిషి గింజ తీసుకుని ఆ చేనుకు పోవాలి. అందుకు కంపెనీ ఖర్చుతోనే గోదాములో అదనపు గింజ నిల్వ పెట్టాలి.

మూడో ఏడు, మొలకలు మాడిన మూడోనాడే పిల్ల ఫోన్‌కు కబుర్లు రావడం మొదలైంది. “బిడ్డా, మా చేన్ల ఇరవై గుంటలు పోయినయి, గింజ పంపు” అని ఒకరి వెంట ఒకరు. చాలామందికి అదనులో గింజ అందింది, వాళ్లు బీటీ ప్యాకెట్ జోలికి పోనేలేదు. అందనివాళ్లు చెప్పి పసుపు వేయించుకున్నారు. సీజను చివర పటం మీద 14 పసుపు చుక్కలున్నాయి. నిషేధం ఎత్తేయడంతో మళ్లీ సంఘంలో చేరిన అవ్వ చేను పచ్చగా ఉంది.

పై ఆఫీసు నుంచి ఆఫీసరుకు ఫోన్ వచ్చింది. నిరుడు ఒక్క మచ్చ లేని ఊళ్లో ఇన్ని మచ్చలేమిటని. “నిరుడు కూడా ఇవి ఉన్నాయి సార్. మనకు కనబడలేదు, అంతే. ఈసారి పరీక్షకు ఏ బేలునైనా తీయండి” అన్నాడు.

తీశారు. ఒక బేలులో జన్యువు దొరికింది. నంబరు కొడితే నలుగురి పేర్లు వచ్చాయి. అందులో ఒకరికి ఆరు గుంటల పసుపు ఉంది. ఆ రైతు వేరు చేసిన బోరేలలో ఒకటి తొందరలో పచ్చ కుప్పలోకి పోయిందని కాంటా చీటీలు చూస్తే సాయంత్రానికి తేలింది. ఆ ఒక్క బేలును పక్కన పెట్టారు. మిగిలినవి ఓడ ఎక్కాయి.

నీతి

తప్పు ఒప్పుకున్నవాడు నష్టపోయి, దాచినవాడు గట్టెక్కే చోట ఎంత గొప్ప లెక్కైనా అబద్ధాల పద్దుగా మారుతుంది. నిజం చెప్పినవాడికి నిలబడే చోటు ఇచ్చినప్పుడే సరుకు వెంట సత్యం కూడా ప్రయాణం చేస్తుంది.

కథలోని ఊరు, మనుషులు కల్పితం. వాళ్లకు ఎదురైన చిక్కు మాత్రం మన పత్తికి నిజంగా ఎదురైనదే. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. పదేళ్లు తిరిగేసరికి దేశంలోని పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా దాని కిందికే పోయింది. సేంద్రియ పత్తి వేద్దామనుకున్న రైతుకు బీటీ కాని మంచి గింజ దొరకడమే గగనమైంది. 2010 జనవరిలో, భారతదేశం నుంచి వచ్చిన సేంద్రియ పత్తిలో జన్యుమార్పిడి పత్తి కలిసి ఉందని ఫైనాన్షియల్ టైమ్స్ డాయిచ్‌లాండ్ పత్రిక బయటపెట్టింది. యూరప్‌లో పేరున్న బట్టల కంపెనీలు ఇబ్బందిలో పడ్డాయి. అదే ఏడాది మన వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా, సేంద్రియ సరుకును చేను నుంచి రేవు దాకా ఆన్‌లైన్‌లో నమోదు చేసే ట్రేస్‌నెట్‌ను తెచ్చింది.

అంతటితో మోసం ఆగిందా? 2020 అక్టోబరులో, సేంద్రియ వస్త్రాల ప్రమాణాన్ని నడిపే గాట్స్ సంస్థ, భారత్‌లో దాదాపు 20,000 టన్నుల పత్తికి దొంగ ధ్రువపత్రాలు పుట్టాయని ప్రకటించి 11 కంపెనీలను నిషేధించింది. ఆ పత్రాల మీది క్యూఆర్ గుర్తును ఫోన్‌తో చూస్తే, ప్రభుత్వ వెబ్‌సైటును పోలిన నకిలీ సైటు తెరుచుకునేలా ఏర్పాటు చేశారని ఆ సంస్థ అనుమానించింది. గుర్తు ఉంది, తెర ఉంది, తెర మీద పచ్చటి ముద్రా ఉంది. దాని వెనక చేను లేదు.

దుస్తుల పరిశ్రమలో ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ కరాచీది. 2012 సెప్టెంబరు 11న అక్కడి అలీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా కార్మికులు చనిపోయారు. కార్మికుల భద్రతకు ప్రపంచమంతా గౌరవించే ఎస్‌ఏ 8000 ధ్రువపత్రం ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే దక్కింది. కొనుగోలుదారు కాగితం చూసి నిశ్చింతగా ఉన్నాడు. లోపల పనిచేసేవాళ్లకు తెలిసిన సంగతి ఆ కాగితం మీదికి రాలేదు. ఆర్డరు పోతుందని యజమాని, పని పోతుందని కార్మికుడు భయపడే చోట తనిఖీకి వచ్చినవాడికి ఎవరు చెప్తారు?

మరి నిజం చెప్పించిన చోట్లు ఉన్నాయా? ఉన్నాయి. అమెరికాలో పైలట్లు తమ పొరపాట్లను తామే రాసి పంపే వ్యవస్థను 1976 నుంచి నాసా నడుపుతోంది. ప్రమాదమేమీ జరగకుండా, కావాలని చేయని తప్పును పైలట్ పది రోజుల్లోగా తెలియజేస్తే, ఆ తప్పుకు పడాల్సిన జరిమానా, లైసెన్సు సస్పెన్షన్ తప్పుతాయి. రాసినవారి పేరును తీసేసి సంగతి మాత్రమే ఉంచుతారు. అలా లక్షల నివేదికలు చేరాయి. విమానయానం ఇవాళ ఇంత భద్రంగా ఉండటంలో ఆ లక్షల ఒప్పుకోళ్లకు వాటా ఉంది. మన అవ్వ వేపచెట్టు కింద అడిగిందీ దాదాపు అదే.

సరుకు పుట్టుపూర్వోత్తరాలు అడగడం తప్పని ఈ కథ చెప్పడం లేదు. అడగాలి, గట్టిగా అడగాలి. హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే చేలలో, మన తెలుగు జిల్లాల్లో కూడా, బడిలో ఉండాల్సిన ఆడపిల్లలు ఏళ్ల తరబడి పూలకు పుప్పొడి అద్దుతూ గడిపారు. ఆ గింజ ఎవరి చేతుల మీదుగా వచ్చిందని కొన్నవాళ్లు అడగనన్నాళ్లూ ఆ పిల్లలు ఎవరి లెక్కలోకీ రాలేదు. అడగడం మొదలయ్యాకే కంపెనీలు కదిలాయి. ఇప్పుడు ఆ అడగడం చట్టమైంది. షింజియాంగ్ పత్తి ఆనవాలున్న సరుకును అమెరికా 2022 జూన్ నుంచి చట్టం ప్రకారమే రేవుల్లో ఆపుతోంది. సరఫరాదారుల దగ్గర మనుషుల హక్కులకు పూచీ పడాలని జర్మనీ చట్టం 2023 జనవరి నుంచి పెద్ద కంపెనీలను కట్టేసింది. వెట్టితో తయారైన సరుకుకు యూరప్ మార్కెట్ 2027 డిసెంబరు నుంచి తలుపులు మూయబోతోంది. మన పత్తి సంస్థ సీసీఐ కూడా బేళ్లకు క్యూఆర్ గుర్తులు కడుతోంది, కస్తూరి కాటన్ పేరుతో బ్లాక్‌చెయిన్ నమోదు నడుస్తోంది. జమ్మికుంట యార్డుకూ ఆదిలాబాద్ యార్డుకూ వచ్చే బండ్లలోని పత్తి, ముందు ముందు, చేను పేరు చెప్పక తప్పని రోజులు వస్తాయి.

ఆ రోజులు రైతుకు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అన్నది నియమాలు ఎవరు రాస్తారన్న దాని మీద ఉంటుంది. ఆదిలాబాద్ ప్రాంతంలో చేత్న ఆర్గానిక్ 2004 నుంచి ఆదివాసీ, సన్నకారు రైతులతో సేంద్రియ పత్తి పండిస్తోంది. ఆ రైతులు సహకార సంఘాలుగా కూడారు, తరవాత సొంత కంపెనీ పెట్టుకున్నారు, బీటీ కాని విత్తనాన్ని తామే పెంచుకునే ప్రయత్నమూ చేశారు. లెక్క రాయించుకునేవాళ్లు లెక్కకు యజమానులు కూడా అయినప్పుడు, అందులో నిజం రాయడం వాళ్లకే లాభం.

కాబట్టి ఈ నీతి ముగ్గురికి చెందుతుంది. మొదట కొనే కంపెనీలకు. పటంలో అన్నీ పచ్చ చుక్కలే కనబడితే సంబరపడకండి, అనుమానించండి. వానలు, పురుగులు, అప్పులు ఉన్న ఏ ఊళ్లోనూ 60 చేలు ఒకేలా ఉండవు. తప్పు దొరికిన సరఫరాదారును వదిలేసి పోవడం సులభం. దాన్ని దిద్దుకోవడానికి గింజో, గడువో, ధరో ఇచ్చి నిలబడటమే బాధ్యత. ఆ బాధ్యతకు అయ్యే ఖర్చు మీరే భరించాలి, చేనుగట్టు మీది అవ్వ కాదు.

రెండోది రైతు సంఘాలకు. నిజం చెప్పిన మనిషిని వెలి వేస్తే, రేపు మంచి పత్తి పండించినవాడూ దొంగ పత్తి వాడితో పాటే మునుగుతాడు. ఒకరి పది గుంటల తప్పు బయటపడటం వల్ల ఊరి పరువు పోదు. 59 మంది కలిసి దాచినప్పుడు పోతుంది.

మూడోది, ఈ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు. హైదరాబాదులో కూర్చుని ప్రపంచ కంపెనీల కోసం ఇలాంటి తెరలు తయారు చేస్తున్నవాళ్లలో ఎందరో మన ఊళ్ల పిల్లలే. వాళ్లమ్మానాన్నల్లో పత్తి ఏరినవాళ్లున్నారు. మీరు గీసే తెరలో అవును, కాదు అనే రెండు గడులే పెట్టకండి. “ఇక్కడ ఇది జరిగింది, నాకు సాయం కావాలి” అని రైతు చెప్పుకునే గడి ఒకటి పెట్టండి. అది నొక్కినవాడి బోరేలు కాంటా దగ్గర ఆగకుండా చూడండి. అది నొక్కిన వెంటనే ఆ చేనుకు ఒక మనిషి బయలుదేరేలా చూడండి. ఆ గడిని ఎంతమంది ధైర్యంగా నొక్కుతున్నారో లెక్కపెట్టండి. మీ సాఫ్ట్‌వేర్ ఎంత నమ్మదగినదో ఆ లెక్కే చెబుతుంది.